రాళ్లు మోసిన రైలు
ధవళేశ్వరం కొండ నుండి కోటిపల్లి రేవు వరకు

మన దేశంలో తొలి రైలు ఎప్పుడు, ఎక్కడ నడిచిందని ఏ బడిపిల్లవాడిని అడిగినా తడుముకోకుండా జవాబు చెబుతాడు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుండి ఠాణాకు. ప్రయాణికులు ఎక్కి దిగిన రైలు విషయంలో ఆ జవాబు సరైనదే. అయితే మన దేశంలో నేల మీద ఇనుప పట్టాలు పరచడం అంతకంటే ముందే మొదలయింది. ఆ పట్టాల మీద నడిచిన బండ్లలో మనుషులు లేరు, రాళ్లున్నాయి. అటువంటి తొలి దారుల్లో ఒకటి మన తెలుగు నేల మీద, రాజమండ్రిని ఆనుకొని ఉన్న ధవళేశ్వరంలో, గోదావరి ఒడ్డున నిలిచిన కొండ పక్కన వెలసింది. 1845 ప్రాంతంలో పుట్టిన ఆ రైలుదారి తన పని ముగియగానే కనుమరుగైపోయింది. ఈనాడు దాని పేరు తెలిసినవారు ఆ ఊరిలోనే అరుదు.

ధవళేశ్వరం అనగానే మనకు గుర్తుకు వచ్చేది వరద. ఏటా శ్రావణ భాద్రపదాల్లో వార్తల్లో ఆ పేరు వింటూనే ఉంటాము. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది. లంక గ్రామాల ప్రజలు ఆ అంకెలు విని మూటాముల్లె సర్దుకుంటారు. ఆ అంకెల వెనుక ఉన్న ఊరిని, ఆ ఊరి వెనుక ఉన్న కొండను, ఆ కొండ మీద ఒకనాడు వేసిన పట్టాల కథను వెదుకుతూ మేము కుటుంబసమేతంగా రెండు రోజులు గోదావరి డెల్టాలో తిరిగాము. చూసినదాన్ని, తెలుసుకున్నదాన్ని పాఠక సోదర సోదరీమణులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఆకలి తెచ్చిన పట్టాలు

ఈ రైలుదారి ఎందుకు పుట్టిందో అర్థం కావాలంటే ఈనాటి పచ్చని డెల్టాను కాసేపు మరచిపోవాలి. పందొమ్మిదో శతాబ్ది తొలి సగంలో గోదావరి మండలం కరువుసీమ. ఏటి నిండా నీరున్నా ఒడ్డున పొలం ఎండేది. వరద వచ్చినప్పుడు పంటను తుడిచిపెట్టేది, వరద పోయాక నీరంతా సముద్రం పాలయ్యేది. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, వచ్చిన కరువు గుంటూరు మండలాన్ని శ్మశానం చేసింది. దాని దెబ్బ గోదావరి మండలం మీద కూడా పడింది. 1839 నవంబరులో వచ్చిన పెనుతుఫాను కోరంగి రేవును ముంచేసి, సముద్రపు నీటిని ఊళ్లలోకి, పొలాల్లోకి తెచ్చింది. నాటి కుంఫిణీ లెక్కల ప్రకారం 1821లో సుమారు 7 లక్షల 38 వేలు ఉన్న రాజమండ్రి జిల్లా జనాభా ఇరవై ఏళ్లలో సుమారు 5 లక్షల 61 వేలకు పడిపోయింది. ప్రతి నలుగురిలో దాదాపు ఒకరు లేకుండా పోయారు. కొందరు ఆకలికి మరణించారు, కొందరు పొట్ట చేతపట్టుకొని వలస పోయారు.

ప్రజల ఆకలి కుంఫిణీ దొరల మనసు కరిగించిందని చెప్పలేము. వారిని కలవరపెట్టింది తరిగిపోతున్న శిస్తు. జిల్లా ఎందుకిలా క్షీణించిందో విచారించడానికి వచ్చిన హెన్రీ మాంట్‌గొమరీ 1844లో తన నివేదికను ఇచ్చాడు. నీటి వనరులను చక్కదిద్దడమే మార్గమనీ, దానికి తగిన ఇంజినీరును పంపాలనీ సూచించాడు. అలా వచ్చినవాడు ఆర్థర్ కాటన్. ఆయన కూడా పైవారిని ఒప్పించడానికి కేవలం కరుణను ఆశ్రయించలేదు. ఇంత ఖర్చుపెడితే ఇంత శిస్తు పెరుగుతుందని లెక్కలు కట్టి చూపాడు. ఆయన గుండెలో దయ ఉండవచ్చు, కానీ కుంఫిణీ ఖజానా తలుపు తెరిపించింది మాత్రం లెక్కే. 1846లో అనుమతి లభించింది. 1847లో పని మొదలయింది.

కొండను ఏటిలోకి దించిన దారి

గోదావరి ధవళేశ్వరం దగ్గర లంకలతో కలిపి సుమారు నాలుగు మైళ్ల వెడల్పు. మధ్యలో లంకలు ఉండడం వల్ల నది నాలుగు పాయలుగా చీలి ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఆనకట్ట కట్టాలని కాటన్ నిర్ణయించాడు. లంకలను మినహాయిస్తే కట్టవలసిన గోడ పొడవు రెండు మైళ్లకు పైమాటే.

చిక్కేమిటంటే, నది అడుగున రాతినేల లేదు, ఎంత లోతు తవ్వినా ఇసుకే. ఇసుక మీద ఇంత పెద్ద కట్టడం ఎలా నిలుస్తుంది? దానికి జవాబు కాటన్‌కు ఇంగ్లాండు పుస్తకాల్లో దొరకలేదు. తంజావూరు సీమలో కావేరి మీద చోళుల కాలం నుండి నిలిచి ఉన్న కల్లణై అనే పాత ఆనకట్ట ఆయనకు గురువు అయింది. ఇసుకలోకి పెద్ద రాళ్లను దించుతూ పోతే, అవి దిగినంత దిగి, ఆ తరువాత కదలకుండా పాతుకుపోతాయని నాటి మన పనివారికి తెలుసు. ఆ విద్యనే కాటన్ కావేరి మీద నేర్చుకొని గోదావరికి తెచ్చాడు. ఇసుకలో ఇటుక బావులు దించి, వాటి మీద గోడ కట్టి, నీరు దుమికే వైపున విశాలంగా రాతి పరుపు పరచాలి. ఈ పద్ధతికి కావలసింది రాయి. కొద్దిగా కాదు, కొండంత రాయి. ఒకసారి వేసి చేతులు దులుపుకోవడానికి కూడా వీలు లేదు. ప్రతి వరదకు కొన్ని రాళ్లు కొట్టుకుపోతాయి, మళ్లీ వేయాలి.

అక్కడే ధవళేశ్వరం అదృష్టం, దురదృష్టం రెండూ ఉన్నాయి. నది ఒడ్డునే ఇసుకరాతి కొండ ఉన్నది. ఆనకట్టకు ఆ స్థలాన్ని ఎన్నుకోవడానికి ఉన్న కారణాల్లో రాయి చేరువలో ఉండడం ఒకటి. అయితే చేరువ అన్నా, ఎడ్లబండి మీద ఎంత రాయి పడుతుంది? ఏటి ఇసుకలో బండి చక్రం కూరుకుపోతుంది. గోదావరి పనికి ఇచ్చే గడువు కూడా తక్కువే. వరద తీసిన తరువాత, మళ్లీ తొలకరి వరద రాకముందు, ఆ నాలుగైదు నెలల్లో ఏటికి ఎంత పని జరిగితే అంత.

అందుకే పట్టాలు. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లితే రాపిడి చాలా తక్కువ. మట్టి బాట మీద ఒక బండిని లాగే బలంతోనే పట్టాల మీద ఎన్నో రెట్ల బరువును కదిలించవచ్చు. ఈ సంగతి కాటన్ అప్పటికే మద్రాసు దగ్గర చూసి ఉన్నాడు. అక్కడ రెడ్‌హిల్స్ నుండి రోడ్లకు కావలసిన రాయిని తేవడానికి 1837లోనే ఒక చిన్న రైలుదారి నడిచింది. దాని వెనుక కూడా ఆయన చెయ్యి ఉన్నది. అదే ఉపాయం ధవళేశ్వరానికి వచ్చింది. క్వారీ నుండి ఏటి ఒడ్డు వరకు పట్టాలు పడ్డాయి. కొండ మీద పేల్చి పగులగొట్టిన రాయి బండ్లకెక్కి ఒడ్డుకు దిగేది. అక్కడి నుండి అవతలి పాయలకు, లంకలకు పడవల మీద చేరేది. చరిత్రకారులు దీనిని గోదావరి ఆనకట్ట నిర్మాణ రైలు అని పిలుస్తారు.

ఆ తరువాత 1851లో ఉత్తరాన రూర్కీ దగ్గర, గంగా కాలువ కోసం సోలానీ నది మీద కడుతున్న వంతెనకు మట్టిని మోయడానికి మరొక రైలు నడిచింది. అంటే బొంబాయి–ఠాణా రైలు పుట్టకముందు మన దేశంలో నడిచిన తొలి రైళ్లలో రెండు నీటి కోసం పుట్టినవే. ఒకటి గోదావరి కోసం, ఒకటి గంగ కోసం. ఈ విషయం మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఒక వాక్యమైనా ఉంటే బాగుండునని మాకు అనిపించింది.

పని ఊరు

1847 నుండి 1852 వరకు ధవళేశ్వరం ఒక మామూలు ఊరు కాదు, వేలాదిమంది కూలీల విడిది. రాయి కొట్టేవారు, సున్నం కాల్చేవారు, ఇటుకలు చేసేవారు, కమ్మరులు, వడ్రంగులు, పడవవారు, గంపలు మోసే ఆడవారు ఊరి చుట్టూ పాకలు వేసుకొని బ్రతికారు. పనిముట్లు చేయడానికి, బాగుచేయడానికి ప్రభుత్వ వర్క్‌షాపు వెలసింది. కరువుతో వలసపోయే సీమకు మొదటిసారిగా కూలి వెతుక్కుంటూ మనుషులు వచ్చారు.

మధ్యలో 1848లో కాటన్ ఆరోగ్యం దెబ్బతిని సెలవు మీద ఆస్ట్రేలియాకు వెళ్లవలసి వచ్చింది. ఆయన లేని కాలంలో కెప్టెన్ ఓర్ పని నడిపించాడు. 1850లో కాటన్ తిరిగి వచ్చాడు. తెలుగువాడైన వీణెం వీరన్న ఓవర్సీరుగా పనివారికి, దొరలకు నడుమ వారధి అయి నిలిచాడు. ఆయన సేవకు ప్రభుత్వం రాయబహదూర్ బిరుదు ఇచ్చింది. హేగ్ అనే యువ ఇంజినీరు కోనసీమలో గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీద 49 కమానుల అక్విడెక్టు కట్టి, కాలువనే ఏరు దాటించాడు. 1852 నాటికి ఆనకట్ట పూర్తయింది.

పూర్తయిన పని ముందు పట్టాల అవసరం తగ్గింది. మరమ్మతులకు రాయి కావలసి వచ్చినంత కాలం క్వారీ పని సాగింది గాని, ఆ తొలినాటి సందడి మళ్లీ రాలేదు. కూలీలు చెదిరిపోయారు. ఇంజినీర్ల కార్యాలయాలు, వర్క్‌షాపు కొంతకాలం ఊరికి పెద్దరికం ఇచ్చాయి. తరువాత రాజమండ్రి పెరిగింది, ధవళేశ్వరం దానికి శివారుగా మిగిలింది.

మేము కొండ ఎక్కాము. పైన జనార్దనస్వామి ఆలయం, కింద బ్యారేజీ, దాని వెనుక సముద్రంలా పరచుకొన్న నీరు. కొండ ఒంటి మీద మనిషి కోసిన గుర్తులు చూపి, ఇక్కడి రాయే ఏటిలో ఉన్నదని పిల్లలకు చెప్పాము. రైలు ఎక్కడ అబ్బా అని మా చిన్నది పదే పదే అడిగింది. చూపించడానికి మాకు ఒక పట్టా ముక్క కూడా కనిపించలేదు. ఇళ్లు, రోడ్లు, తుప్పలు. ఆ దారి ఎటు నుండి ఎటు పోయిందో నేల చెప్పడం మానేసింది. ఊరిలో కాటన్ పేరిట ప్రదర్శనశాల ఉన్నది. నమూనాలు, పాత పరికరాలు, చిత్రాలు ఉన్నాయి. పిల్లలకు తప్పక చూపదగినది. ఆయన విగ్రహాలు డెల్టా అంతటా కనిపిస్తాయి, నేటి బ్యారేజీ కూడా ఆయన పేరు మీదనే ఉన్నది. మేము చూసినంతలో రాయి మోసిన వేలమందిలో పేరు మిగిలినవారు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటంతమందే.

పాత ఆనకట్ట కూడా ఇప్పుడు పనిలో లేదు. నూరేళ్లకు పైగా వరదలను మోసి అది అలసిపోయింది. 1970లో పని మొదలై 1982కు పూర్తయిన కొత్త బ్యారేజీకి 175 గేట్లు. ధవళేశ్వరం పాయలో 70, ర్యాలిలో 43, మద్దూరులో 23, విజ్జేశ్వరంలో 39. కొత్త కట్టడం పూర్తయిన నాలుగేళ్లకే, 1986 ఆగస్టులో, గోదావరి 35 లక్షల క్యూసెక్కులకు మించిన వరదతో దాని బలాన్ని పరీక్షించింది. 2022 జూలైలో కూడా నీరు మూడవ ప్రమాద హెచ్చరికను దాటింది. నేడు ఈ బ్యారేజీ కింద పది లక్షల ఎకరాలకు పైగా సాగవుతున్నది. మన ఇళ్లలో పండుగనాడు పొయ్యి మీదకెక్కే బియ్యంలో ఎంతో భాగం ఈ నీటితో పండినదే.

రైలు వేసినవాడు, రైలును కాదన్నవాడు

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. ధవళేశ్వరంలో పట్టాలు వేయించిన కాటనే తరువాతి జీవితమంతా రైళ్లకు వ్యతిరేకంగా వాదించాడు. భారతదేశానికి కావలసింది రైలుదారులు కాదు, నీటిదారులు అని ఆయన పట్టు. కాలువ తవ్వితే పొలానికి నీరు, సరుకుకు దారి రెండూ దక్కుతాయని, రైలు ఆకలిగొన్న సీమకు ధాన్యం మోయగలదు గాని ధాన్యం పండించలేదని ఆయన వాదన సారాంశం. 1878లో, డెబ్బై ఐదేళ్ల వయసులో, బ్రిటిష్ పార్లమెంటు సంఘం ముందు కూడా ఇదే మాట చెప్పాడు. అప్పటికి దక్షిణ భారతం ధాత కరువుతో తల్లడిల్లింది. రైలుదారులు ఉన్న చోట్ల కూడా లక్షలాదిమంది ఆకలితో చనిపోయారు. అయినా లండన్‌లో ఆయన మాట నెగ్గలేదు. రైళ్లలో పెట్టుబడి పెట్టినవారికి ప్రభుత్వం హామీ ఇచ్చిన లాభం ఉన్నది, కాలువలకు అటువంటి అండ లేదు.

గోదావరి సీమలో మాత్రం కొంతకాలం ఆయన కల నిజమైంది. లాకులు దాటుకుంటూ పడవలు కాకినాడ, నరసాపురం, ఏలూరుల వరకు నడిచాయి. ఏలూరు దగ్గర గోదావరి కాలువ కృష్ణా కాలువను కలిసింది. అక్కడి నుండి కొమ్మమూరు కాలువ, బకింగ్‌హాం కాలువల మీదుగా ధాన్యం పడవ మద్రాసు వరకు పోగలిగేది. పెండ్లిబృందాలు, సంతకు పోయే వ్యాపారులు, చదువుకు పోయే పిల్లలు రాత్రివేళ పడవెక్కి తెల్లవారేసరికి ఊరు చేరేవారు. పడవలో ప్రయాణించే నమాజీ కాలువ నీటితోనే వుజూ చేసుకొనేవాడు.

1893లో తూర్పుకోస్తా రైలుదారి వచ్చింది. బెజవాడ వైపు నుండి వచ్చిన రైలు కొవ్వూరు ఒడ్డున ఆగేది. ప్రయాణికులు పడవ మీద ఏరు దాటి రాజమండ్రి ఒడ్డున మరో రైలు ఎక్కేవారు. 1897లో మొదలుపెట్టి 1900లో పూర్తిచేసిన హేవలాక్ వంతెన ఆ ఎడబాటును తీర్చింది. నాటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హేవలాక్ పేరు దానికి పెట్టారు. 150 అడుగుల చొప్పున 56 ఖానాలు, రెండున్నర కిలోమీటర్లకు పైగా పొడవు. కాశీలో గంగ మీద డఫరిన్ వంతెన కట్టిన వాల్టన్ దీనికి ఇంజినీరు. దాదాపు నూరేళ్లు మద్రాసు–కలకత్తా రైళ్లు దీని మీదుగా నడిచాయి. 1974లో రోడ్డు–రైలు వంతెన, 1997లో కమానుల వంతెన వచ్చిన తరువాత దీనికి విశ్రాంతి ఇచ్చారు.

సాయంత్రం మేము గోదావరి గట్టున నిలబడి దానిని చూశాము. పక్కన కమానుల వంతెన మీద రైలు ఉరుముతూ పోతుంటే, పాత వంతెన మౌనంగా నిలబడి ఉన్నది. దానిని నడకదారిగా మార్చి సందర్శకులకు తెరవాలన్న మాట ఏళ్లుగా వినిపిస్తున్నది.

కోటిపల్లి: యుద్ధానికి పోయిన పట్టాలు

మరునాడు మేము కోటిపల్లి రేవుకు బయలుదేరాము. ధవళేశ్వరం పట్టాలు పని ముగిసి పోయినవి. కోటిపల్లి పట్టాలు పని ఉండగానే పోయినవి. కాకినాడ నుండి కరప, వేళంగి, రామచంద్రపురం, ద్రాక్షారామం మీదుగా గౌతమీ తీరాన ఉన్న కోటిపల్లి వరకు 45 కిలోమీటర్ల దారి 1928లో ఏర్పడింది. కోనసీమ ప్రజలు ముక్తేశ్వరం వైపు నుండి ఏరు దాటి వచ్చి ఇక్కడ రైలెక్కేవారు. పుట్టి పన్నెండేళ్లు నిండాయో లేదో, రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940 ప్రాంతంలో ఆ పట్టాలను ఊడబెరికి యుద్ధ అవసరాలకు తరలించారు. కాంగ్రా లోయలో నగ్రోటా నుండి జోగీందర్‌నగర్ వరకు ఉన్న కొండదారి, మలబారులో షోరనూరు–నిలంబూరు దారి కూడా ఆ యుద్ధంలోనే ఇలా పట్టాలు కోల్పోయాయి. ఆ రెండూ 1954కల్లా తిరిగి నడిచాయి. మన కోటిపల్లి మాత్రం 2004 వరకు ఎదురుచూసింది. అమలాపురం నుండి ఎన్నికై లోక్‌సభ స్పీకరు అయిన జి.ఎం.సి. బాలయోగి దానికోసం పాటుపడి, అది పూర్తి కాకముందే 2002లో హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. కోటిపల్లి నుండి నది దాటి నరసాపురం చేరవలసిన కొత్త దారి పని ఇంకా సాగుతూనే ఉన్నది.

ఎవరో ఎక్కడో మొదలుపెట్టిన యుద్ధానికి ఒక పల్లె తన రైలును ఇచ్చుకొని, అరవై ఏళ్లకు పైగా తిరిగి పొందలేకపోయింది. ఆ పట్టాలు అడిగి తీసుకున్నవి కావు. ఆ కాలంలో ఈ రేవులో పంటు కోసం వేచి ఉన్నవారిలో రైలు మాట తాతల నోట మాత్రమే విన్న తరాలు పెరిగాయి.

మదీనా స్టేషను మాట

గోదావరి మీద హేవలాక్ వంతెన పూర్తయిన 1900 సంవత్సరంలోనే మరొక రైలుదారి ప్రకటన వెలువడింది. అది హిజాజ్ రైల్వే. డమాస్కస్ నుండి మదీనా మునవ్వరా వరకు సుమారు 1300 కిలోమీటర్లు. ఒంటెల బిడారులో నలభై రోజులు పట్టే దారిని కొన్ని రోజులకు కుదించాలన్నది సుల్తాన్ రెండవ అబ్దుల్ హమీద్ సంకల్పం. ప్రపంచం నలుమూలల నుండి ముస్లిములు చందాలు పంపారు. హిందూదేశపు ముస్లిములు కూడా పంపారు. 1908లో రైలు మదీనా చేరింది. పదేళ్లు కూడా సవ్యంగా నడవకముందే మొదటి ప్రపంచయుద్ధంలో వంతెనలు పేల్చివేతకు గురయ్యాయి. దక్షిణ భాగం ఆ తరువాత కోలుకోలేదు. ఎడారి మధ్య స్టేషన్లు ఒంటరి కోటల్లా మిగిలాయి. మదీనా స్టేషను నేడు ప్రదర్శనశాల. హజ్, ఉమ్రాలకు వెళ్లిన మనవారిలో దానిని చూసినవారు ఉన్నారు.

ధవళేశ్వరాన్ని, కోటిపల్లిని చూశాక మాకు ఆ స్టేషను ఒక కొత్త అర్థంతో గుర్తుకు వచ్చింది. ధవళేశ్వరం రైలు నిలిచిపోయినా దాని ఫలం నిలిచింది, ఆ రాయి ఆపిన నీరు పొలాల్లోకి పారింది. హిజాజ్ రైలు, కోటిపల్లి రైలు తమ ఫలాన్ని పూర్తిగా ఇవ్వకముందే యుద్ధం వాటిని మింగింది. వాటికోసం కూడబెట్టిన సొమ్ము, శ్రమ మధ్యలోనే తెగిపోయాయి. పనిముట్టు శాశ్వతం కానక్కరలేదు, అది చేయవలసిన మేలు చేసిందా లేదా అన్నదే ప్రశ్న. ఆ మేలు చేయనివ్వకుండా దానిని లాక్కున్నవారికే మనం లెక్క అడగాలి.

రాతి మీద ఉన్న పేరు, లేని పేర్లు

తిరుగు ప్రయాణంలో రాజమండ్రి పెద్ద మస్జిదులో జుహ్ర్ నమాజు చేశాము. ఆ మస్జిదు ద్వారం మీది పర్షియన్ శాసనం హిజ్రీ 724 రమజాన్ మాసం నాటిది, అంటే క్రీస్తుశకం 1324. కట్టించిన సాలార్ ఉల్వీ పేరు దాని మీద ఉన్నది. ఏడు వందల ఏళ్లుగా ఆ పేరు చదవగలుగుతున్నాము. రాయి పేరును ఎంత భద్రంగా మోస్తుందో ఆ ద్వారం చెబుతున్నది. ధవళేశ్వరం రాయి మాత్రం దానిని మోసినవారి పేర్లను మోయలేదు. ఎండలో గంప ఎత్తిన తల్లి పేరు, మందుగుండు పేలుడులో గాయపడిన కూలివాని పేరు, చీకటివేళ లాకు తలుపు తిప్పిన మనిషి పేరు ఎక్కడా లేవు. చేసినవారిని మనుషులు మరచినా అల్లాహ్ మరువడని మన విశ్వాసం. అయితే అది మన మరపుకు సాకు కాకూడదు.

ఇది గడిచిపోయిన కథ మాత్రమే కాదు. ధవళేశ్వరానికి ఎగువన పోలవరం దగ్గర మరో పెద్ద ఆనకట్ట లేస్తున్నది. దాని వెనుక నిలిచే నీటి కింద వందలాది గ్రామాలు ఉన్నాయి. దేవీపట్నం ప్రాంతపు ఊళ్లు ఇప్పటికే ఖాళీ అయ్యాయి. వాటిలో ఎక్కువమంది కోయ, కొండరెడ్డి గిరిజనులు. వారి నేల ముంపుతో మన పొలాలకు మరింత నీరు రావచ్చు. నూట డెబ్బై ఏళ్ల కిందట కొండ ఇచ్చిన రాయికి ధర కట్టినవారు కూలివాని పేరు రాయలేదు. ఈసారి ఇల్లు ఇచ్చినవారి పేర్లయినా రాస్తామా? వారికి రావలసిన పరిహారం, పునరావాసం వారి చేతికి అందాయా అని డెల్టాలో అన్నం తినే మనం అడుగుతున్నామా? కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇవ్వాలని నేర్చుకున్న మనకు ఈ ప్రశ్న పరాయిది కాదు.

గోదావరి జిల్లాల్లో ఉన్న మన కుటుంబాలకు ఒక విన్నపం. మీ తాతముత్తాతల్లో కాలువ పడవ నడిపినవారో, లాకుల దగ్గర పనిచేసినవారో, రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గా చేసినవారో ఉండవచ్చు. ఇంట్లో పెద్దవారు ఉండగానే వారిని అడిగి, పేరు, ఊరు, చేసిన పని ఒక కాగితం మీద రాసి ఉంచండి. సెలవుల్లో పిల్లలను ధవళేశ్వరం తీసుకువెళ్లి కొండను, బ్యారేజీని, ప్రదర్శనశాలను చూపండి. బ్యారేజీ మీది రోడ్డున పిచ్చుకలంక, బొబ్బర్లంకల మీదుగా విజ్జేశ్వరం వరకు వెళితే నాలుగు పాయలూ కనబడతాయి. వరదకాలంలో మాత్రం అధికారుల హెచ్చరికలు విని బయలుదేరండి. వర్షాలు తగ్గిన తరువాత, కార్తీకం మొదలుకొని మాఘం వరకు, అక్కడికి వెళ్లడానికి అనువైన కాలం.